పిల్లలు నడిచి బడికి వెళ్లాలంటే ముందు కదలాల్సింది బడే

హైదరాబాద్ పొద్దుటి ట్రాఫిక్‌లో బడుల వాటా ఎంతో తెలుసుకోవడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. దసరా సెలవుల్లో ఒక రోజు, సెలవులు అయిపోయి బడి తెరిచాక ఇంకో రోజు, ఎనిమిదింటికి హబ్సిగూడ నుంచి తార్నాక దాకా వెళ్లి చూస్తే చాలు. ఆఫీసులు రెండు రోజులూ నడుస్తూనే ఉంటాయి. తేడా అంతా యూనిఫాం వేసుకున్న పిల్లలది, వాళ్లను దింపడానికి బయల్దేరిన బండ్లది.

ఈ సంగతి గమనించిన ప్రతివాళ్లూ ఒకే మందు రాసిస్తారు: తల్లిదండ్రులు మారాలి. పిల్లల్ని నడిపించండి, సైకిల్ కొనివ్వండి, స్కూల్ బస్సు ఎక్కించండి, పెట్రోలు ఆదా అవుతుంది, ఒంటికి మంచిది, గాలికి మంచిది. ఇవన్నీ నిజమే, ఎవరూ కాదనరు. కానీ పర్యావరణం మీద పోస్టర్ పోటీలో ఫస్ట్ ప్రైజ్ కొట్టిన పాప కూడా ఆ కప్పు పట్టుకుని నాన్న స్కూటర్ మీదే ఇంటికి వెళ్తుంది. ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు. ఆ నాన్న లెక్క ఆయనకు సరిగ్గానే ఉంది. ఏ ఇంటికి ఆ ఇంటి లెక్క సరైనదే. అన్ని ఇళ్లవాళ్లూ అదే లెక్క వేసుకుని ఒకే గేటు ముందుకు వచ్చినప్పుడు మాత్రం అక్కడ ఎవరికీ దారి ఉండదు. అందుకే ఇంటింటికీ నచ్చజెప్పే ప్రచారం దగ్గరే ఆగిపోతే ఈ సమస్య కదలదు.

ఆ ఇంటి లెక్క ఏమిటో ముందు చూద్దాం. బడి రెండు కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే, పొద్దున దింపి రావడం, సాయంత్రం వెళ్లి తీసుకురావడం కలిపి రోజుకు ఎనిమిది కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే స్కూటర్ మీద, లీటరు 107 రూపాయలు వేసుకుంటే, రోజుకు 19 రూపాయలు. ఏడాదిలో 220 రోజులు బడి నడిచిందనుకుంటే మొత్తం నాలుగు వేల పైచిలుకు. అదే పిల్లాడిని ఆటో మాట్లాడి పంపిస్తే ఆ డబ్బు కొన్ని నెలలకే అయిపోతుంది. స్కూల్ బస్సు ఫీజు సంగతి సరేసరి. కాబట్టి పెట్రోలు ఆదా అనే మాట ఎవరి చెవికీ ఎక్కదు, ఎక్కకపోవడమే సబబు.

స్కూటర్‌కు అసలు ఖర్చు టైము. పొద్దున అరగంట ఎలాగో సర్దుకుంటారు. సాయంత్రం మూడున్నరకు కొట్టే బెల్లే సర్దుబాటు కాదు. ఆ టైముకి ఆఫీసులో ఉన్నవాళ్లు రాలేరు కాబట్టి తాతయ్యో అమ్మమ్మో వస్తారు, వాళ్లు లేని ఇంట్లో తల్లి వస్తుంది. చదువుకున్న ఆడవాళ్లు పిల్లలు పుట్టాక ఉద్యోగం ఎందుకు వదిలేశారని అడిగేవాళ్లు ఈ మూడున్నర బెల్లును కూడా లెక్కలో వేసుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి ఎక్కడున్నా లేచి బయల్దేరాల్సిన మనిషికి ఏ ఉద్యోగం కుదురుతుంది? పిల్లల ప్రయాణం మార్చమని ఒక కుటుంబాన్ని అడగాలంటే ‘మీ రోజులో ఒక గంట మీకు తిరిగి వస్తుంది’ అని చెప్పడమే గట్టి మాట. పచ్చదనం మాట తర్వాత చెప్పినా ఫర్వాలేదు.

అయితే ఈ ప్రయాణం చాలావరకు ముందే, అడ్మిషన్ రోజునే ఖాయమైపోతుంది. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం అయిదో తరగతి దాకా కిలోమీటరు లోపల, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపల పిల్లలకు బడి అందుబాటులో ఉండాలి. ఆ లెక్కన నగరంలో నడిచి వెళ్లగలిగిన దూరంలో ఏదో ఒక బడి దాదాపు ప్రతి ఇంటికీ ఉంటుంది. కానీ తల్లిదండ్రులు ఎంచుకునేది దగ్గరి బడిని కాదు, మంచిదని పేరున్న బడిని. కేపీహెచ్‌బీలో ఇల్లు, బాచుపల్లిలో బడి. మణికొండలో ఇల్లు, తెల్లాపూర్‌లో బడి. అడ్మిషన్ రోజు ఫీజు గురించి, సిలబస్ గురించి, ఐఐటీ ఫౌండేషన్ గురించి నలభై ప్రశ్నలు వేసేవాళ్లు దారి గురించి వేసే ప్రశ్న ఒక్కటే: ‘బస్సు మా వీధిలోకి వస్తుందా?’ ఏడేళ్ల పిల్ల ఆరూ ముప్పావుకి రోడ్డు మీద నిలబడి, గంటసేపు బస్సులో తూగుతూ వెళ్లడం ఈ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబే. ఇంత దూరం వెళ్లే పిల్లల విషయంలో నడక గురించి ఉపన్యాసాలు దండగ. వాళ్లకు కావాల్సింది మంచి బస్సు, తక్కువ స్టాపులు. స్కూల్ బస్సుకు పసుపు రంగు, ప్రథమ చికిత్స పెట్టె, అనుభవమున్న డ్రైవర్, పిల్లల్ని దింపి ఎక్కించే మనిషి ఉండాలని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. వాటిని గట్టిగా అమలు చేయడం రవాణా శాఖ పని.

మార్చగలిగేది మిగతావాళ్ల ప్రయాణం. రెండు కిలోమీటర్ల లోపల ఉంటూ కూడా బండి మీద వచ్చేవాళ్లది. పాత కాలనీల్లో వీళ్లు తక్కువేమీ కాదు.

నడిచేది ఎవరు

హైదరాబాద్‌లో పిల్లలు బడికి నడవడం లేదనడం కూడా పూర్తి నిజం కాదు. బోరబండలో, చింతల్‌లో, వారాసిగూడలో గల్లీ స్కూళ్లకు, సర్కారు బడులకు వెళ్లే పిల్లలు ఇప్పటికీ గుంపులు గుంపులుగా నడిచే వెళ్తారు. అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుంది, దారిలో ఇంకో ఇంటి ముందు ఆగి స్నేహితురాలిని పిలుస్తుంది. ఏ పథకమూ లేకుండా, ఏ స్పాన్సరూ లేకుండా రోజూ జరిగే పని ఇది. ఇంట్లో స్కూటర్ కొన్న మర్నాడు ఆగిపోయేదీ ఇదే. మన దగ్గర నడిచి వచ్చే పిల్లలంటే బండి లేని ఇంటి పిల్లలని ఒక ముద్ర పడిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా కారు దిగిన పాపకు గేటు పూర్తిగా తీస్తాడు, నడిచి వచ్చినవాళ్లు పక్క సందులోంచి దూరాలి. నడవమని చెప్పే ప్రచారం ఈ ముద్రను తాకకుండా వెళ్తే, అది ఉన్నవాళ్లకు వ్యాయామ సలహాగా మిగిలిపోతుంది. ఇప్పటికే నడుస్తున్నవాళ్లను బండి ఎక్కకుండా నిలబెట్టుకోవడం, బండి ఎక్కినవాళ్లను దింపడం కంటే చాలా తేలిక. ఆ సంగతి ఎవరి ప్రణాళికలోనూ కనిపించదు.

ఇక భయం. దీన్ని అపోహ అని కొట్టిపారేయడానికి లేదు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ తీసుకుని ఇంట్లోంచి బయటికి వెళ్లిన పన్నెండేళ్ల పాప తెరిచి ఉన్న నాలాలో (మురుగు కాలువలో) పడి చనిపోయింది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో వానలో పాలు తేవడానికి వెళ్లిన పాపను నాలా మింగేసింది. ఈ వార్తలు చూసిన తల్లి ‘నడిచి వెళ్లు నాన్నా’ అని ఎందుకు అంటుంది? ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండి, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత ఎవరి అపార్ట్‌మెంట్ ర్యాంపో ఉంటాయి. వీటన్నిటినీ తప్పించుకుంటూ పిల్లలు రోడ్డు మీదికి దిగాల్సిందే.

కానీ బండి ఎక్కించడంతో ఆ భయం తీరిపోదు, రూపు మార్చుకుంటుంది అంతే. 2023 ఆగస్టులో బాచుపల్లిలో తండ్రి స్కూటర్ మీద బడికి వెళ్తున్న ఎనిమిదేళ్ల పాప కింద పడి, స్కూల్ బస్సు చక్రాల కిందే ప్రాణం పోగొట్టుకుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్ ఉండాలి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకు కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. నగరంలో ఏ బడి ముందైనా పది నిమిషాలు నిలబడితే నాన్న తలకు హెల్మెట్, వెనకున్న కొడుకు తలకు జడివానలోనూ చెదరని హెయిర్‌స్టైల్ కనిపిస్తాయి. చలాన్ కెమెరా చూసేది ముందున్న తలనే అని ఆ నాన్న నమ్మకం.

గేటు ముందు ఏం జరుగుతుంది

ఒక మామూలు కాలనీ బడిని దగ్గరగా చూస్తే విషయం తేలిపోతుంది. గల్లీ వెడల్పు రెండు కార్లు ఒకదాన్నొకటి జాగ్రత్తగా దాటుకునేంత. ఎనిమిదీ పది దాకా పెద్ద హడావుడి ఉండదు. ఎనిమిదింబావుకి మొదటి కారు సరిగ్గా గేటు ఎదురుగా ఆగుతుంది. తల్లి దిగి, రోడ్డు వైపు డోర్ తెరిచి, బ్యాగు ఒకటి, లంచ్ బ్యాగు ఒకటి, చార్టు చుట్ట ఒకటి తీసి, పిల్లాడి టై సరిచేసి, ముద్దు పెట్టేసరికి ఒకటిన్నర నిమిషం. వెనక స్కూల్ ఆటో ఆగిపోతుంది. అందులో వెనక సీటు ఎదురుగా అదనంగా వేసిన చెక్క బల్ల మీద నలుగురు, డ్రైవర్‌కు అటు ఒకరు ఇటు ఒకరు, బయట కొక్కేలకు వేలాడే బ్యాగులు. ఆటో హారన్ కొడుతుంది. స్కూటర్లు కారుకు ఎడమ పక్కనున్న సందులోంచి దూరతాయి. నడిచి వచ్చే పిల్లలకు మిగిలింది ఆ సందే. ఎదురు నుంచి వచ్చిన స్కూల్ బస్సు మలుపు తిరగలేక ఆగుతుంది, దింపేసి వెళ్లాల్సిన బండ్లు దాని వెనక ఇరుక్కుంటాయి. ఎనిమిదీ నలభైకి బెల్లు కొడితే అయిదు నిమిషాల్లో గల్లీ ఖాళీ.

అంటే, సమస్య దూరంలో లేదు. ఇంటి నుంచి వచ్చిన రెండు కిలోమీటర్లలో పిల్లలు బండ్ల మధ్య ఎక్కువగా ఇరుక్కునేది ఈ ఆఖరి రెండు మూడు వందల మీటర్లలోనే, అదీ తోటి తల్లిదండ్రుల బండ్ల వల్ల. ‘రోడ్డు మీద ఇన్ని బండ్లుంటే మా వాణ్ణి ఎలా నడిపించను’ అని ప్రతి ఇంటివాళ్లూ ఇంకో బండి తెస్తారు. ఈ సుడిలో మనకంటే ముందు పడ్డ దేశాలున్నాయి. ఇంగ్లండ్‌లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 1971లో 80 శాతం పెద్దవాళ్ల తోడు లేకుండా బడికి వెళ్లేవాళ్లు. 1990కి అది 9 శాతానికి పడిపోయింది. అమెరికాలో ఎనిమిదో తరగతి దాకా పిల్లల్లో 1969లో దాదాపు సగం మంది నడిచో సైకిల్ మీదో వెళ్తే, 2009 నాటికి 13 శాతం మిగిలారు. అక్కడ కూడా ఎవరూ పిల్లల్ని నడవొద్దని చెప్పలేదు. ఒక్కో ఇల్లూ తన మంచి కోసమే కారు తీసింది.

ఈ లెక్కలు చూశాక అక్కడివాళ్లు చేసిన మంచి పని, నీతి బోధ తగ్గించి గేటు చుట్టుపక్కల మీద పడటం. లండన్‌లో 2020 తర్వాత వందలాది బడుల ముందు వీధిని బడి మొదలయ్యే టైముకి, వదిలే టైముకి బయటి కార్లకు మూసేస్తున్నారు. ఆ వీధిలో ఉండేవాళ్లకు మినహాయింపు ఉంటుంది. దూరం నుంచి కారులో వచ్చేవాళ్లు కాస్త ముందే ఆపి, మిగతా దూరం పిల్లలతో నడుస్తారు. జపాన్‌లో చాలా చోట్ల ప్రాథమిక పాఠశాల పిల్లలు ఇరుగుపొరుగు గుంపుగా కలిసి, నిర్ణయించిన దారిలోనే వెళ్తారు, పెద్ద తరగతి పిల్లలు ముందుండి నడిపిస్తారు. రోడ్డు దాటే చోట జెండాతో ఎవరో ఒక పెద్దమనిషి ఉంటారు. వారాసిగూడ అక్క చేసే పనినే అక్కడ బడి తన బాధ్యతగా తీసుకుంది. తేడా అంతే.

హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టొచ్చు

‘మన దగ్గర వీధి మూస్తే జనం ఒప్పుకుంటారా’ అనేది వెంటనే వచ్చే ప్రశ్న. వినాయక చవితికి గల్లీకి అడ్డంగా మండపం వేస్తే పది రోజుల పాటు అందరూ చుట్టూ తిరిగి వెళ్తారు, ఒక్కరూ నోరెత్తరు. 2021లో ఆదివారం సాయంత్రాలు ఏకంగా ట్యాంక్‌బండ్‌నే బండ్లకు మూసేసి మనుషులకు వదిలారు, నగరం ఏమీ ఆగిపోలేదు. బడి ఉన్న గల్లీని పొద్దున ఇరవై అయిదు నిమిషాలు, సాయంత్రం ఇరవై అయిదు నిమిషాలు మూయడం వీటి ముందు ఎంత! రెండు బారికేడ్లు, ఒక హోంగార్డు, కాలనీ సంఘం సంతకం ఉంటే మొదలవుతుంది. మెయిన్ రోడ్డు మీద ఉన్న బడులకు ఇది కుదరదు. వాటిలో మెట్రో లైను పక్కన ఉన్నవాటికి స్టేషన్ మెట్ల మీదుగా, టికెట్ లేకుండానే రోడ్డు దాటే వీలుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆ రోడ్డు మీద పిల్లలు దాటడానికి అంతకంటే భద్రమైన చోటు దొరకదు.

మరి బండ్లు ఎక్కడ ఆపాలి? దీనికి హైదరాబాద్ దగ్గర ఉన్నంత మంచి జవాబు ఇంకో ఊరి దగ్గర ఉండకపోవచ్చు. ప్రతి కాలనీకీ ఒక ఫంక్షన్ హాల్ ఉంది, దాని ముందు ఖాళీ పార్కింగ్ ఉంది. మామూలు రోజుల్లో పొద్దున ఎనిమిదింటికి అక్కడ సెక్యూరిటీ గార్డు, రెండు కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. ముహూర్తాల రోజులు మినహాయించుకుంటే (ఆ తేదీలు పంచాంగంలో ముందే తెలుస్తాయి) ఏడాదిలో చాలా రోజులు అది దొరుకుతుంది. మూడు నాలుగు వందల మీటర్ల దూరంలో అలాంటి ఒక చోటు చూసి, అక్కడ దింపమని చెప్పి, అక్కడి నుంచి గుంపుగా పిల్లల్ని తీసుకెళ్లడానికి ఇద్దరు పెద్దవాళ్లను పెడితే, తండ్రికి గేటు దగ్గర ఇరుక్కునే పది నిమిషాలు మిగులుతాయి. నడవమని ఆయన్ని బతిమాలాల్సిన అవసరం రాదు. పిల్లల రోజులోకి కొంత నడక వచ్చి చేరుతుంది. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున అరవై నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ట్యూషన్ల మధ్య ఆ అరవైలో కొన్నయినా దొరికేది ఇక్కడే.

ఆ ఇద్దరు పెద్దవాళ్లు ఎవరంటే, కాలనీ పార్కులో ఎలాగూ పొద్దున రౌండ్లు కొట్టే రిటైర్డ్ ఉద్యోగులున్నారు, మనవళ్లను దింపడానికి వచ్చే తాతయ్యలున్నారు. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు బడి దగ్గర రాసిపెట్టుకోవాలి, ఇద్దరికి తక్కువ కాకుండా ఉండాలి. ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి ఏ తల్లీ పిల్లను ఇవ్వదు.

బడి ఒక్కటే చేయగలిగిన పని ఇంకోటి ఉంది, అది బ్యాగు. రెండో తరగతి దాకా కిలోన్నర, అయిదో తరగతి దాకా రెండు నుంచి మూడు కిలోలు, పదో తరగతికి అయిదు కిలోలు దాటకూడదని 2018లో కేంద్రం చెప్పింది. నాలుగో తరగతి పిల్లాడి బ్యాగును లంచ్ బాక్స్, వాటర్ బాటిల్‌తో సహా కాటా మీద పెడితే ఈ అంకెలు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. ఆ బరువు వీపున వేసి కిలోమీటరు నడవమనడం న్యాయం కాదు. పుస్తకాలు క్లాసులోనే పెట్టుకునే అలమర ఒకటి, రోజుకు నాలుగు సబ్జెక్టులకు మించని టైమ్‌టేబుల్ ఒకటి నడక ప్రచారంలో మొదటి మెట్టు. పోస్టర్ల కంటే ఖర్చు కూడా తక్కువే.

ఎప్పుడు మొదలుపెట్టాలనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. జూన్ 12న బడి తెరవగానే మొదలుపెడితే వానలు, కొత్త సెక్షన్లు, ఇంకా రాని యూనిఫాంల మధ్య రెండు వారాల్లో నీరుగారిపోతుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పన్నెండున్నర ఎండలో పిల్లల్ని నడిపించడం తప్పు. దసరా సెలవుల తర్వాత నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నాలుగు నెలల పైన మంచి కాలం. అలవాటు పడటానికి అది చాలు. పొద్దున నడక, సాయంత్రం ఆటో అన్నా ఫర్వాలేదు. అన్నట్టు స్కూల్ ఆటో డ్రైవర్లను ఈ లెక్కలో శత్రువులుగా చూడటం అన్యాయం. ఏళ్ల తరబడి అదే వీధి పిల్లల్ని తీసుకెళ్తున్న ‘ఆటో అంకుల్’కు ఏ పిల్లకు జ్వరమో కూడా తెలుసు. సాయంత్రాలు, ఎండాకాలం, వాన రోజులు ఆయనవే అని ముందే మాట్లాడుకుంటే ఆయన రాబడి పోదు, బల్ల మీద నలుగురిని కుక్కాల్సిన అవసరమూ తగ్గుతుంది.

పెద్ద తరగతుల పిల్లల సంగతి వేరు. తొమ్మిది, పదిలో చాలామంది నడిచే వయసు దాటామనుకుంటారు, స్కూటర్ తాళం అడుగుతారు. మైనర్ బండి నడిపితే తండ్రికి లేదా యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. 2019 సవరణతో చట్టం ఇంత కఠినమైంది. దాన్ని తప్పించుకోవడానికి లైసెన్సు అక్కర్లేని, గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ బండ్లు కొనిస్తున్నవాళ్లూ ఉన్నారు. ఈ వయసుకు సరిపోయేది సైకిల్. కానీ సైకిల్ పెట్టుకునే స్టాండే లేని బడులు ఎన్నో! 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. చూడటానికి ముచ్చటగా ఉంది, ఆదివారం పొద్దున అక్కడికి చాలామంది కార్లలో సైకిళ్లు వేసుకుని వెళ్తారు. రామంతాపూర్‌లో పదో తరగతి పిల్లాడికి మాత్రం ఇంటి నుంచి బడి దాకా గీసిన ఒక్క తెల్ల గీత కూడా లేదు. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ బస్సులో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. అది నిజంగా పనికొచ్చింది, పొద్దున ఎనిమిదింటికి బస్సులో కాలు పెట్టే చోటు దొరికినంతవరకు.

ఇవేవీ పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే లెక్క ఉండాలి, ఆ లెక్క కూడా బడి దగ్గరే ఉంటుంది. స్కాట్లండ్‌లో 2008 నుంచి ఏటా సెప్టెంబరులో టీచర్లు క్లాసులో ఒకే ప్రశ్న అడుగుతారు: మామూలుగా బడికి ఎలా వస్తారు? పిల్లలు చేతులెత్తుతారు, లెక్క రాసుకుంటారు. హాజరు వేసే టైములో రెండు నిమిషాల పని. హైదరాబాద్‌లో ఒక బడి దసరా సెలవులకు ముందు ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి ఇలా చేతులెత్తించి, రెండు లెక్కలూ పేరెంట్స్ మీటింగ్‌లో బోర్డు మీద రాస్తే, వచ్చే ఏడాది వీధి మూయాలా వద్దా, ఫంక్షన్ హాల్ వాళ్లను మళ్లీ అడగాలా వద్దా అన్నది ఆ రెండు అంకెలు చూసి తేల్చుకోవచ్చు. వార్డు ఆఫీసుకు వెళ్లి ఫుట్‌పాత్ అడగాలన్నా, నాలా మీద కప్పు వేయమనాలన్నా, ‘మా బడికి ఇంతమంది పిల్లలు ఈ దారిలో నడిచి వస్తారు’ అనే కాగితం చేతిలో ఉండాలి.